కొరియా పాట మీద నేను వేసిన నింద

భివండి,
శుక్రవారం.

అక్క బాలమణికి, బావకు, నీ చెల్లెలు సుగుణ మీ ఇద్దరి కాళ్ళకు దండం పెట్టి రాస్తున్నది. మేము ఇక్కడ ఉన్నాము. బాగున్నాము అని రాయబోతే చెయ్యి కదలలేదు, అందుకని ఉన్నాము అని మాత్రం రాశాను. నీ మోకాళ్ళ నొప్పి ఎట్లున్నది? బావకు దగ్గు తగ్గిందా? మీ అత్తమ్మ ఇప్పుడు లేచి కూర్చుంటున్నదా? అందరి బాగూ తెలుసుకోవాలని ఉన్నది. అన్నిటికంటే ముందు పావని రెండు పూటలా అన్నం తింటున్నదా లేదా, అది నాకు తెలియాలి.

నీకు చదువు రాదు కనుక ఈ ఉత్తరం పావనే చదివి వినిపిస్తుందని తెలిసే రాస్తున్నాను. పావనీ, బిడ్డా, మీ అమ్మ పక్కన కూర్చొని నిమ్మళంగా చదువు. నీ గురించి రాసిన చోట సిగ్గుపడి దాటెయ్యకు. నన్ను నేను తిట్టుకున్న చోట మీ చిన్నమ్మ మీద జాలిపడి మింగెయ్యకు. రాసింది రాసినట్టు చదువు.

ఫోన్లో చెప్పొచ్చు కదా, ఉత్తరం ఎందుకు అని అంటావు అక్కా. ఫోన్లో మనిద్దరం ఏం మాట్లాడుకున్నాము ఈ ఏడు నెలల్లో? నువ్వు నా అఖిల పేరు ఎత్తుతావు, నేను ఏడుస్తాను, నేను ఏడిస్తే నువ్వు ఏడుస్తావు, బావ ఫోన్ గుంజుకొని పెట్టేస్తాడు. చెప్పాల్సిన మాట ఏనాడూ కొస ముట్టలేదు. కాగితం మీద అయితే ఎవరూ అడ్డం రారు. అందుకే ఈ శుక్రవారం రాయడానికి కూర్చున్నాను. శుక్రవారం ఇక్కడ సాంచాలు బంద్, అంటే కరెంటు మగ్గాలు నడవవు. మిగతా ఆరు రోజులు వాటి చప్పుడుకు నా ఆలోచన నాకే వినపడదు. ఒక తీరుగా అదే మంచిదనుకొని ఇంత దూరం వచ్చాము.

మా గురించి ఫికర్ చెయ్యకు. కిరాయి గది చిన్నదే, కానీ ఇద్దరమే కదా. మీ మరిది పొద్దుటి పాళీకి సాంచాల మీదికి పోతాడు. ఇంటి దగ్గర గుంట మగ్గంలో కాళ్ళు ఆడిస్తూ నేసిన మనిషి, ఇక్కడ నిలబడి నాలుగు సాంచాలు చూసుకోవాలె. తెగిన దారం అతికించడమే పని, నేత మిషనుదే. సాయంత్రానికి కాళ్ళు వాస్తాయి, వేన్నీళ్ళు పోస్తాను. నేను అదే కార్ఖానాలో పేక దారాన్ని కండెలకు చుట్టే మిషను దగ్గర ఉన్నాను. నోట్లో, ముక్కులో దూది పోతుంది, అయినా ఫికర్ చెయ్యకు, కొంగు కట్టుకుంటాను. వాన మాత్రం మన దిక్కు లెక్క కాదు అక్కా. మొగులు ఒక్కసారి మూసుకుంటే నాలుగు రోజులు తెరవదు. బట్టలు ఆరవు, అగ్గిపెట్టె మెత్తబడుతుంది. గది మీద రేకులు, అందులో రెండు చోట్ల కురుస్తుంది. తిండికి బాధ లేదు. జొన్నరొట్టె దొరుకుతుంది, కానీ నీ చేతి చింతకాయ తొక్కు లేదు. ఎవరన్నా ఇటు వస్తే చిన్న డబ్బాడు పంపు.

ఇక అసలు మాటకు వస్తాను.

నేను పనిచేసే దగ్గర కమల వదిన అని ఒకామె ఉన్నది. వాళ్ళ తాత కాలంలోనే నల్లగొండ దిక్కు నుండి వచ్చారట, ఈమె ఇక్కడే పుట్టింది. నలభై ఐదు దాటింది. భారీ మనిషి, నవ్విందంటే సాంచాల చప్పుడు మీద కూడా వినపడుతుంది. భర్త పోయి రెండేళ్ళు. నేను చేరిన కొత్తలో నాకు మిషను నేర్పింది ఈమెనే. నేను ఎవరితోనూ మాట్లాడనని అందరూ వదిలేస్తే, ఈమె మాత్రం రోజూ తన డబ్బాలోని కూర సగం నా డబ్బాలో వేసి పోయేది, ఏమీ అడగకుండా.

నెల కింద ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో కమల వదిన ఫోన్ తీసి పాట పెట్టింది. పెట్టి, ఆ శరీరంతోనే లేచి చేతులు ఊపుతూ ఎగరడం మొదలుపెట్టింది. ఆడవాళ్ళందరూ నవ్వుతున్నారు. అక్కా, అది అఖిల పాట. ఆ కొరియా పిల్లల పాట. మొదట చప్పట్లు వస్తాయి, తర్వాత ఒకడు ఈల వేస్తాడు, ఆ తర్వాత అందరూ కలిసి అందుకుంటారు. ఆ ఈల మన ఇంట్లో రోజుకు ఇరవై సార్లు విన్నాను. నాకు ఏం పూనిందో తెలియదు. పోయి ఆమె చేతిలో ఫోన్ను కొట్టాను. అది పోయి వేస్టు దూది కుప్పలో పడింది. పగలలేదు, అంతవరకు నయం.

కమల వదిన దూదిలో వెతికి ఫోన్ తీసుకొని, కొంగుతో తుడిచి, నా పక్కన కూర్చుంది.

"నా ఎగురుడు గంత పాడుగుందా సుగుణా?" అన్నది.

ఆ మాటకు నాకు ఏడుపు ఆగలేదు. ఇక్కడికి వచ్చిన తర్వాత మొదటిసారి ఒక బయటి మనిషికి చెప్పాను. నాకు ఒక్కతే బిడ్డ అని, ఇంటర్ రెండో ఏడని, చిట్యాలలో బస్సు దిగి కాలేజీకి పోవడానికి పెద్ద రోడ్డు దాటుతుంటే లారీ గుద్దిందని చెప్పాను. చెవుల్లో ఈ పాటే పెట్టుకొని ఉన్నదని, అందుకే లారీ వినపడలేదని, ఈ పాటే నా బిడ్డను తిన్నదని చెప్పాను. నీకు చెప్పినట్టే, అందరికీ చెప్పినట్టే. ఆమె ఆ రోజు నుండి నేనున్న దిక్కు పాట పెట్టలేదు.

ఆ తర్వాత వారానికే నువ్వు ఫోన్ చేశావు. గుర్తుందా? పావని ఫోన్ గుంజి సందుగలో పెట్టి తాళం వేశానన్నావు. కాలేజీ కూడా మాన్పించానన్నావు. "పొద్దుమాపు ఆ దిక్కుమాలిన పాటనే ఇంటాంది, నీ మాట నాకు యాదికొచ్చింది చెల్లే, నీ బిడ్డను తిన్నది నా బిడ్డ జోలికి రావద్దని బంద్ పెట్టిన" అన్నావు. పిల్ల ఇరవై రోజుల నుండి సరిగా తినడం లేదని, గోడ దిక్కు తిరిగి పడుకుంటున్నదని, పిలిస్తే పలకదని, నాలుగు రోజులుంటే అదే దారికి వస్తుందని అన్నావు. నేనేమన్నాను? మంచి పని చేసినవక్కా అన్నాను. నా నోటితోనే అన్నాను. మన వీధిలో ఇంకో ఇద్దరు తల్లులు కూడా ఆడపిల్లల ఫోన్లు గుంజుకున్నారని నువ్వు చెబితే, నా బిడ్డ పేరున ఒక్క మంచన్నా జరుగుతున్నదని అనుకున్నాను.

ఇప్పుడు మొన్నటి సంగతి. పావనీ, ఇక్కడి నుండి ఇంకా నిమ్మళంగా చదువు.

పోయిన ఆదివారం వాన ఆగకుండా కొట్టింది. మీ మరిది పనికి పోయాడు, నాకు ఒళ్ళు బాగాలేక ఉండిపోయాను. పగటి పూటే గదిలో చీకటి. టపటప చప్పుడు వినపడితే చూశాను, గోడకు తగిలించిన అఖిల సంచి మీద రేకు సందులోంచి నీళ్ళు పడుతున్నాయి. కాలేజీ సంచి. ఠాణా నుండి మీ మరిది తెచ్చిన సంచి. తెచ్చిన రోజు ఎట్లా మూసి ఉన్నదో అట్లనే గోడకు తగిలించి, ఇక్కడికి వచ్చేటప్పుడు అట్లనే తెచ్చుకున్నాము. దాన్ని తెరిచే ధైర్యం ఇద్దరికీ లేదు. తెరవమని ఒకరికొకరం చెప్పుకోలేదు కూడా. కానీ నీళ్ళు పడుతుంటే ఎట్లా ఊరుకుంటాను? లోపల పుస్తకాలున్నాయి. తడిస్తే దాని రాత పోతుంది.

తెరిచాను. నాలుగు నోటు పుస్తకాలు, ఒక పెన్నుల డబ్బా, జుట్టుకు పెట్టుకునే క్లిప్పు. అద్దం పగిలిన ఫోన్. వాటి కింద, పక్క జేబులో, దాని చెవుల వైరు.

అక్కా, ఆ వైరు కండె మీద చుట్టి ఉన్నది.

నీకు తెలుసు కదా దాని అలవాటు. కాలేజీ నుండి రాగానే వాళ్ళ నాయినకు రేపటి పేకకు కండెలు చుట్టి పెట్టేది. మగ్గం ఇంట్లో పుట్టిన పిల్ల, తన వైరును కూడా ఖాళీ కండె మీదే చుట్టుకునేది. ఒకదాని పక్కన ఒకటి వరుసగా, ఎక్కడా ఎక్కకుండా, కొసను ఆఖరి చుట్టు కింద దోపి. కొస దోపకుండా కండె పక్కన పెడితే చిక్కు పడుతుందని చిన్నప్పుడు దాని చెయ్యి పట్టుకొని నేర్పింది నేనే. ఇంకా చుట్టాల్సింది ఉంటే కొస వదిలేస్తాము, పని అయిపోయి పక్కన పెట్టేటప్పుడే దోపుతాము. ఆ వైరు కొస దోపి ఉన్నది. మొత్తం చుట్టి, దోపి, పక్క జేబులో పెట్టి, జేబు మూసి ఉన్నది.

లారీ గుద్దిన దాని చెవుల్లో ఉన్న వైరు, చుట్టుకొని జేబులోకి ఎట్లా పోతుంది?

అక్కడే తడి నేల మీద కూర్చున్నాను. మీ మరిది వచ్చేసరికి నీళ్ళు నా చీర కిందికి వచ్చాయట. కండె ఆయన చేతిలో పెట్టాను. నేత మనిషి కదా, చెప్పనక్కర లేదు. అటు ఇటు తిప్పి చూశాడు. వేలితో కొసను తడిమాడు.

"కొస దోపి ఉన్నదే. బిడ్డ పాట ఇంటలేదు" అన్నాడు.

గోడకు ఒరిగి కూర్చున్నాడు. నన్ను ఒక్క మాట తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఎందుకంటే అక్కా, ఆ మాట పుట్టించింది నేను. ఎవరూ చూడలేదు. ఠాణాలో నన్ను అడిగారు, అమ్మా, మీ అమ్మాయి చెవుల్లో వైర్లు పెట్టుకునే అలవాటున్నదా అని. ఎప్పుడూ చెవుల్లోనే ఉంటాయి సారూ, ఎంత పిలిచినా పలకదు అని నేను చెప్పాను. ఆ పొద్దున కూడా పిలిచాను, పలకలేదు, ఆ కోపం ఇంకా నా మనసులో ఉండె. రాసుకున్నారు. సంతకం పెట్టాను. లారీ రాంగు రూట్లో వచ్చిందని రోడ్డు పక్క చాయ్ అమ్మే ఆయన మీ మరిదితో చెప్పాడు, కానీ తల్లే అట్లా చెప్పిన తర్వాత ఆ మాట ఎవరు పట్టించుకుంటారు?

పదో రోజు సంగతి రాయకుండా ఈ ఉత్తరం మూయలేను. పిట్టకు పెట్టినప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు. ఇస్తరాకులో దానికి ఇష్టమైనవన్నీ పెట్టాము. సేమ్యా పాయసం, కోడిగుడ్డు పులుసు, మామిడి తాండ్ర. ఎండ నెత్తికెక్కింది, ఒక్క పిట్ట రాలేదు. పిల్ల మనసులో ఇంకేదో కోరిక ఉండిపోయిందని పెద్దమనుషులు అన్నారు. అప్పుడు పావని తన ఫోన్ తీసింది. "అక్కకు గీ పాటంటే పాణం, ఒక్కసారి పెడత" అన్నది. నేను దాని చేతి మీద కొట్టాను. ఆ పాటే నా బిడ్డను తిన్నదని, ఇంకోసారి అది నా చెవిన పడొద్దని అందరి ముందు అరిచాను. పావని ఏడ్చుకుంటనే చెప్పింది, "సిన్నమ్మా, అక్క బస్సు దిగేటప్పుడు చెవులల్ల పెట్టుకోదు, రెండు స్టేజీల ముందే కండెకు సుట్టుకుంటది, నాకెరుక" అని. నాకు వినపడింది అక్కా. వినపడలేదని ఇన్నాళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. ఆ పిల్ల రోజూ దాని పక్క సీట్లో కూర్చొని పోయిన పిల్ల. ఆ ఒక్క రోజు జ్వరం వచ్చి ఇంట్లో ఉన్నది. ఆ పిల్లకు తెలియక ఎవరికి తెలుస్తుంది? నువ్వే దాని నోరు మూశావు, తల్లి మాటకు ఎదురు చెబుతావా అని. పిట్టకు పెట్టే రోజు తల్లి ఏమన్నా ఎవరూ కాదనరు కదా మనలో. అందరూ తల ఊపారు. అట్లా నా మాట నిజమైపోయింది.

ఆ పూట పిట్ట రాలేదు. ఇస్తరిని ఆవు ముందట పెట్టి వచ్చాము.

బుధవారం పనికి పోయినప్పుడు నేనే కమల వదినను అడిగాను. ఆ పాట పెట్టు, అందులో ఏమున్నదో చెప్పు అన్నాను. ఆమె నా ముఖం చూసింది. అన్నం తిన్న తర్వాత బయట మెట్ల మీదికి తీసుకుపోయింది. వాన తెరిపిచ్చింది. ఆమె ఫోన్లో పాట కింద హిందీలో అక్షరాలు వస్తాయట, అవి చదివి నాకు మన మాటల్లో చెప్పింది. నేను ఏమనుకున్నానో తెలుసా? ప్రేమ గీమ, ఇల్లు విడిచి రమ్మనడం, అటువంటిదేదో ఉంటుందనుకున్నాను.

"గదేం లేదు సుగుణా. ఇయ్యాల నీకు మంచిగ లేదు గదా, ఏం గాదు అంటున్నరు. చెప్పులిడిసి జర కూసో. తలుపు తియ్యబుద్ది కాకుంటే తియ్యకు, మేం బయటనే పాడుకుంట ఉంటం. బువ్వ తిను. రేపు లేవబుద్దైతే లే, లేకుంటే ఎల్లుండి లే. మేం యాడికి పోం."

"గంతేనా?" అన్నాను.

"గంతేనే. పాటల ఇంకేముంటది?"

"మరి గదానికి గంత ఎగురుడెందుకు?"

కమల వదిన నవ్వింది. "ఏడ్సుకుంట చెప్తే ఎవలింటరే? మా ఆయన పోయినంక నా దగ్గరికొచ్చినోళ్ళందరు ఏడ్సుకుంటనే చెప్పిండ్రు. వాళ్ళను ఓదార్చుడే నాకు పనైంది. గీ పోరగాళ్ళు ముఖానికి మనకంటె ఎక్కువ పౌడర్ పూసుకొని ఎగిరితె, నాకు నవ్వచ్చింది. నవ్వచ్చినంక ఆకలైంది."

అక్కా, నాకు ఆ పాట విన్నాక దుఃఖం తగ్గలేదు. తగ్గిందని నీకు అబద్ధం రాయను. రాత్రి గోడ దిక్కు తిరిగితే అదే బాధ, పొద్దున లేస్తే అదే బాధ. కానీ ఒకటి యాదికి వచ్చింది. అఖిల మొదటి ఏడు లెక్కల్లో తప్పింది కదా. మూడు రోజులు ముసుగు తీయలేదు. నీళ్ళు కూడా అడగలేదు. నేను పక్కన కూర్చోలేదు, తిట్టుకుంటూ పని చేసుకున్నాను. నాలుగో రోజు పొద్దున ముసుగులోంచి ఈ పాట వినపడింది. ఆ మధ్యాహ్నం లేచి తలంటుకుంది. సాయంత్రం కూర్చొని వాళ్ళ నాయినకు పన్నెండు కండెలు చుట్టింది, పాడుకుంటూ. నేనేమన్నాను? "ఫెయిలైనదానికి పాటలొకటా, సిగ్గు శరం ఉన్నదా" అన్నాను. అది నవ్వింది. నా చెవిలో ఒక వైరు పెట్టబోయింది. "ఒక్కపారి ఇను అమ్మా, నీక్కూడ మంచిగనిపిస్తది" అన్నది. నాకు పని ఉన్నదని చెయ్యి నెట్టేశాను.

నా బిడ్డను మంచం మీది నుండి లేపింది ఆ పాట. నేను లేపలేదు. లేపినదాని మీద చంపిందని నింద వేశాను. బిడ్డ తప్పు లేకపోయినా బిడ్డ తప్పేనని తల్లిని నేనే సంతకం పెట్టి చెప్పాను.

ఇప్పుడు నీ బిడ్డ గోడ దిక్కు తిరిగి పడుకున్నది. అది చెడిపోయి ఆ పాట వినలేదు అక్కా. అక్కను పోగొట్టుకొని విన్నది. ఇద్దరూ బస్సులో ఒకే వైరు చెరొక చెవిలో పెట్టుకొని పోయేవాళ్ళు. పావని పాట పెట్టుకున్నప్పుడల్లా రెండో చెవి అఖిలది అనుకుంటుందేమో. నాకు తెలియదు, నేను అడగలేదు, నువ్వూ అడగలేదు. ఆ పిల్ల ఏడుపు మనకు కనపడలేదు, మన ఏడుపే పెద్దదనుకున్నాము. నిజం చెప్పిన పిల్లను నోరు మూసుకోమన్నాము, అది నోరు మూసుకున్నది. ఇప్పుడు పిలిస్తే పలకడం లేదని బాధపడుతున్నాము. అది మూసిన నోటితోనే అన్నం కూడా మానేసింది. నాకు భయంగా ఉన్నది. ఒకదాన్ని పోగొట్టుకున్నాను, రెండోది కూడా నా మాట వల్లనే పోతే నేను ఏ గోడకు ముఖం చూపించాలి?

పావనీ, ఇక్కడ ఆగకు బిడ్డా. ఏడుపు వస్తే ఏడ్చుకుంటనే చదువు. నువ్వు చెప్పింది నిజం. మీ చిన్నమ్మ నీ చెయ్యి కొట్టింది, అది తప్పు. పెద్దవాళ్ళు పిల్లల దగ్గర తప్పు ఒప్పుకుంటే ఆయుష్షు తగ్గుతుందని మన అవ్వ అనేది. తగ్గనీ. నాకు ఇప్పుడు దాని మీద ఆశ లేదు. నన్ను మాఫ్ చెయ్యి.

అక్కా, నేను అడిగేవి చిన్నవే. మా ఇంటి తాళం నీ దగ్గర ఉన్నది కదా, ఒకసారి తీసి మగ్గం గుంటలో వాననీళ్ళు చేరినాయేమో చూడు. మగ్గం మీది సగం చీరకు పాత దుప్పటి కప్పి రా, ఎలుకలు పడుగు కొరికేస్తాయి. అఖిల నోటు పుస్తకాలు తాడు మీద ఆరేసుకున్నాము, సగం రాత నిలబడింది. లెక్కల పుస్తకం పావనికి పనికి వస్తుందేమో, వచ్చేటప్పుడు తెస్తాను. ఏడాది మాసికానికి ఇద్దరం వస్తాము. అప్పుడు మీ మరిది, నేను ముందు ఠాణాకు పోయి నేను చెప్పింది తప్పని చెబుతాము. వాళ్ళు మళ్ళీ రాస్తారో రాయరో నాకు తెలియదు, నేను మాత్రం చెబుతాను. పదో రోజున కూర్చున్న వాళ్ళందరినీ మళ్ళీ కూర్చోబెట్టి, నా బిడ్డ రోడ్డు చూసుకొనే దాటిందని చెబుతాను. ఆ పాట పెట్టుమని నేను అడగబోవడం లేదు. పోయినదానికి ఇప్పుడు ఏ పాట పెట్టినా వినపడదు. ఉన్నదానికి కావాలె.

దానికి మాత్రం ఏడాది దాకా ఆగకు. మన వీధిలో ఆ ఇద్దరు తల్లులకు నువ్వే పోయి చెప్పు. మా చెల్లె తెలియక అన్నది, ఆమెనే తప్పని రాసింది అని చెప్పు. నాకు నామర్దా అవుతుందని ఆలోచించకు. ఈ ఉత్తరం అందిన తెల్లారి నుండే పావనిని కాలేజీకి పంపు. బస్సు ఎక్కి పోయిన పిల్ల తిరిగి వచ్చేదాకా నీ గుండె నీ చేతిలో ఉండదు, నాకు తెలుసు. భయపడకు అని నేను రాయలేను. భయపడుకుంటనే పంపు. మన భయానికి పిల్లలను ఇంట్లో పెట్టి తాళం వేస్తే, వాళ్ళు ఇంట్లోనే చచ్చిపోతారు. దానికి అన్నం పెట్టి పక్కన కూర్చో. ఏమీ అడగకు. తినకపోతే తిట్టకు. మళ్ళీ పెట్టు.

మీ అత్తమ్మకు నా దండాలు చెప్పు. బావ దగ్గుకు మిరియాల కషాయం ఆపవద్దను. వీధిలో పెద్దవాళ్ళందరికీ మా ఇద్దరి నమస్కారాలు, చిన్నపిల్లలకు ముద్దులు. మా ఆరోగ్యం గురించి ఫికర్ చెయ్యకండి. పెద్దదానివి, నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు, కానీ తిట్టిన తర్వాత దీవించు. మీ దీవెన తప్ప మాకు ఇక్కడ ఏమీ లేదు.

పావనీ, చదవడం అయిపోయింది. ఇప్పుడు కాగితం కింద పెట్టి మీ అమ్మ ముందు చెయ్యి చాపు. ఆమె లేచి సందుగ తాళం తీసేదాకా అట్లనే కూర్చో.

ఇట్లు,
నీ చెల్లెలు,
అఖిల తల్లి సుగుణ.